పాలు సరిపోలేదన్న తల్లుల్ని కూడా లెక్కలోకి తీసుకోండి: పసిపిల్లల పోషణ పరిశోధకులకు బహిరంగ లేఖ

తల్లిపాల మీద, పసిపిల్లల పోషణ మీద పరిశోధనలు చేసే డాక్టర్లకూ సైంటిస్టులకూ, ఆ పరిశోధనలకు డబ్బులిచ్చే సంస్థలకూ,

నమస్కారం. నేను డాక్టర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని. మీరు రాసే పేపర్లు ఎవరెవరు చదువుతారో మీకు తెలుసో లేదో గానీ, రాత్రి మూడు గంటలకి ఒక చేత్తో పిల్లని పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చదివేవాళ్లం చాలామందే ఉన్నాం. సగం మాటలు అర్థం కావు. పట్టికలు దాటేసి చివర్లో ముగింపు చదువుతాం, మళ్లీ అనుమానమొచ్చి పట్టికల దగ్గరికే వస్తాం. అలా చదవగా చదవగా మీతో కాస్త గొడవ పెట్టుకోవాలనిపించింది.

తల్లిపాలు మంచివని మీరు చెప్పారు, ఒప్పుకున్నాం. ఇంకా ఎన్నిసార్లు నిరూపిస్తారు? పాలివ్వాలని గట్టిగా అనుకుని కూడా ఇవ్వలేకపోయినవాళ్లకి అసలేం జరిగింది, ఎక్కడ తేడా వచ్చింది, ఆ రోజు ఎవరైనా ఏం చేసుంటే పనయ్యేది అని వెతకబోతే మాత్రం చేతికి చాలా తక్కువ దొరుకుతుంది. పాలు మానేసిన తల్లుల్ని ఎందుకు మానేశారని అడిగితే చాలా దేశాల్లో ఎక్కువగా వినపడేది ఒకటే, "పాలు సరిపోలేదు". దాని పక్కన మీరు "సరిపోలేదని తల్లి అనుకోవడం" అని రాసుకుంటారు. అది అనుకోవడమో నిజమో కొలిచి చూసిన సందర్భాలు ఎన్ని?

మా పెద్దాడు పుట్టినప్పుడు నాకు పాలు పడటానికి నాలుగు రోజులు దాటింది. మామూలుగా రెండు మూడు రోజుల్లో పడతాయట. తొలి కాన్పు, సిజేరియన్, షుగర్, ఎక్కువ బరువు, వీటిలో ఏదున్నా 72 గంటలు దాటి ఆలస్యం కావచ్చని మీ పుస్తకాల్లోనే ఉంది. నాకు వాటిలో రెండున్నాయి. కానీ ఆ నాలుగు రోజులూ నా మంచం దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ అన్నది ఒక్కటే మాట: ప్రతి తల్లికీ పాలుంటాయమ్మా, కాస్త పట్టుదల ఉండాలి. పట్టుదలకేం తక్కువ లేదు, పిల్లాడి నోట్లోకి పడే చుక్కలే తక్కువ. బరువు పది శాతం పైగా తగ్గింది, ఉచ్చ పోయడం తగ్గింది, పాలకి లేపితే కళ్లు తెరవడం లేదు. అప్పుడు డబ్బా పాలు పట్టారు. పట్టడం సరైన పనే, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకున్నా అదే అంటాను. కానీ పాలు ఆలస్యంగా పడటం అనేది అందరికీ తెలిసిన విషయమేనని, డబ్బా పాలు పడుతూనే నా పాలు కూడా తీస్తూ ఉంటే తర్వాత పుంజుకునే అవకాశం ఉందని ఒక్కరూ చెప్పలేదు. తీస్తే ఊరతాయి, తీయకపోతే తగ్గుతాయి, ఇంత చిన్న సంగతి. రెండో నెలకల్లా నా పాలు ఆగిపోయాయి.

ఇప్పుడు చెప్పండి, మా పెద్దాడు మీ లెక్కల్లో ఏ గడిలో పడతాడు? చాలా సర్వేల్లో "ఎప్పుడైనా తల్లిపాలు తాగాడా" అన్న ప్రశ్నే ఉంటుంది. తాగాడు, అవును. అంటే రెండేళ్లు తాగిన పిల్లలతో పాటు అదే గడిలోకి వెళ్తాడు. పంపుతో తీసి సీసాతో పట్టిన పాలకీ, నేరుగా రొమ్ము దగ్గర తాగిన పాలకీ చాలాచోట్ల విడిగా గడి కూడా ఉండదు. గడి సరిగ్గా గీస్తే ఏం బయటపడుతుందో మీకు నేను చెప్పాలా? 1999లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లల్ని చూసినవాళ్లు, తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లని ఒక వైపు, తల్లిపాలతో పాటు ఇంకేవో కూడా తాగినవాళ్లని ఇంకో వైపు పెట్టి చూశారు. మొదటి మూడు నెలలూ తల్లిపాలు మాత్రమే తాగినవాళ్లకి వైరస్ సోకడం తక్కువ కనిపించింది. అప్పటిదాకా రెండు రకాలనీ కలిపి తల్లిపాలు అనేశారు కాబట్టి ఆ తేడా కనపడనేలేదు.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. నాకు నాలుగో నెలలో బరువు సరిగ్గా పెరగడం లేదని, నీ పాలు చాలట్లేదని ఒక డాక్టరు గారు పిల్లల పెరుగుదల చార్టు చూపించి చెప్పారట. అమ్మ ఆ రోజే సీసా పట్టింది. ఆ చార్టు ఎలాంటిదో నాకు తెలిసింది ముప్ఫై ఏళ్ల తర్వాత, చిన్నది కడుపులో ఉండగా. 1977లో అమెరికాలో తయారైన చార్టు అది, మరుసటి ఏడాది నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే అన్ని దేశాలకీ ఇచ్చింది. అందులో పసిపిల్లల గీతలు ఒహాయో రాష్ట్రంలో ఒక్క ప్రాంతంలోని పిల్లల కొలతల మీద గీసినవి, ఆ పిల్లల్లో ఎక్కువమంది సీసా పాలు తాగినవాళ్లు. తల్లిపాలు తాగే పిల్లలు మొదటి రెండు మూడు నెలలు జోరుగా పెరిగి తర్వాత కాస్త నెమ్మదిస్తారు, సీసా పిల్లలు అంతగా నెమ్మదించరు. మరి వీళ్ల గీత పక్కన వాళ్లని పెట్టి చూస్తే మూడు నాలుగు నెలల దగ్గర ఏమవుతుంది? బాగా పెరుగుతున్న పిల్ల కూడా కిందికి జారిపోతున్నట్టు కనపడుతుంది.

ఇది సరిదిద్దింది కూడా మీవాళ్లే, అది ఒప్పుకుంటాను. 1997 నుంచి 2003 దాకా బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచి, తల్లిపాలు తాగే పిల్లల పెరుగుదలనే ప్రమాణంగా పెట్టి 2006లో కొత్త చార్టులు తెచ్చారు. ఇదంతా అమ్మకి చెప్పి, పాత గీత, కొత్త గీత రెండూ ఫోన్లో పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "అయితే నా పాలు సరిపోయేవా?" అంది.

ఏం చెప్పను? నా పాత బరువుల కాగితం ఎప్పుడో పోయింది. సరిపోయేవేమో, నిజంగానే చాలలేదేమో. ఆ చార్టు చూసి ఆ ముప్ఫై ఏళ్లలో ఎంతమంది తల్లులు సీసా పట్టుకున్నారో ఎవరు లెక్క కడతారు? ఒక్కరైనా వాళ్లకి తిరిగి చెప్పారా, అమ్మా తప్పు మా గీతది అని?

ఇంకో సంగతి తెలిసినప్పుడైతే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రొమ్ము లోపల పాలనాళాలు ఎలా ఉంటాయి అన్న బొమ్మ పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1840లో ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లండు సర్జన్ చనిపోయిన బాలింతల రొమ్ముల్లోకి రంగు మైనం ఎక్కించి గీసినదాని నుంచి. చనుమొన వెనక పాలు నిలవ ఉండే తిత్తులుంటాయని, మొన దగ్గరికి 15 నుంచి 20 నాళాలు వస్తాయని తరతరాలు చదివారు, చేత్తో పాలు తీసేటప్పుడు ఆ తిత్తుల మీద నొక్కమని మాకు చెప్పారు. 2005లో వెస్ట్రన్ ఆస్ట్రేలియా యూనివర్సిటీ వాళ్లు పాలిస్తున్న తల్లులకి అల్ట్రాసౌండ్ చేసి చూస్తే ఆ తిత్తులు లేనే లేవు, నాళాలు సగటున తొమ్మిది. మైనం ఒత్తిడికి నాళాలు ఉబ్బి అలా కనపడి ఉంటాయి. 165 ఏళ్లు! కడుపులో బిడ్డని చూడటానికి అల్ట్రాసౌండ్ వచ్చి అప్పటికి ఎన్ని దశాబ్దాలైంది, అదే మెషిన్ని నాలుగు అంగుళాలు పైకి జరిపి చూద్దామని అంతకాలం ఎవరికీ తోచలేదంటే ఏమనుకోవాలి? గుండె విషయంలో ఇలా జరిగేదా?

అదే యూనివర్సిటీ వాళ్లు 2006లో ఇంకో పని చేశారు, మీ అందరి పేపర్లలో నాకు బాగా నచ్చింది ఇదే. 71 మంది పిల్లలు, నెల నుంచి ఆరు నెలల లోపు వాళ్లు, తల్లిపాలు తప్ప ఇంకేమీ తాగనివాళ్లు. ఒక పూర్తి రోజు, పాలు పట్టే ముందొకసారి, పట్టాక ఒకసారి పిల్లని తూచడం, అంతే. కొందరు రోజుకి ఆరుసార్లు తాగారు, కొందరు పద్దెనిమిదిసార్లు. కొందరు తాగింది 478 గ్రాములు, కొందరు 1,356. దాదాపు మూడింతల తేడా. అయినా అందరూ చక్కగా పెరుగుతున్న పిల్లలే.

చిన్నది పుట్టాక నేను ఇంట్లో చేసింది ఆ పనే. పసిపిల్లల్ని తూచే మెషిన్ అద్దెకి తెచ్చుకున్నాను, ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. "2:50 రాత్రి, ఎడమ, 14 నిమిషాలు, 38 గ్రాములు." "6:20 ఉదయం, కుడి, 9 నిమిషాలు, 104." బట్టలు మార్చకూడదు, మధ్యలో డైపర్ మార్చకూడదు, మారిస్తే లెక్క పోయినట్టే. నిద్ర కళ్లతో ఒకసారి దుప్పటితో సహా తూచి, రెండోసారి దుప్పటి లేకుండా తూచి, పిల్ల పాలు తాగి 300 గ్రాములు తగ్గిందని హడలిపోయి మా ఆయన్ని లేపాను. ఆయన దుప్పటి వైపు చూపించి మళ్లీ పడుకున్నాడు.

నాలుగు రోజులు తూచేసరికి రెండు విషయాలు తేలాయి. నా ఎడమ వైపు పాలు తక్కువ, కుడి వైపు దాదాపు రెట్టింపు, ఒక వైపు ఎక్కువ రావడం మామూలేనట. ఇక సాయంత్రం పూట పిల్ల గంటకోసారి ఏడుస్తూ 30, 35 గ్రాముల చొప్పున తాగుతుంది, తెల్లవారుజామున ఒక్క పట్టున వంద దాటేస్తుంది. సాయంత్రం ఏడుపు విన్నవాళ్లెవరైనా పాలు లేవనే అంటారు, నేనూ అదే అనుకునేదాన్ని, రోజంతా కూడితే మాత్రం 700 పైన. ఆ కూడికే నాకు డబ్బా మూత తీసే అవసరం లేకుండా చేసింది. అందరూ ఇలా తూచుకోవాలని నేననడం లేదు, కొంతమందికి ఈ అంకెలే పెద్ద టెన్షన్ అవుతాయి, నాకే మూడో రోజు అలా అయింది. కూడితే నిజంగా 300 మాత్రమే తేలే తల్లి కూడా ఉంటుంది, ఆమెకి ఆ సంగతి మొదటి వారంలోనే తెలిస్తే పిల్ల ఎండిపోకుండా కాపాడుకుంటుంది. ఎవరికి ఏది సాయపడుతుందో కొలిచి చూడాల్సింది మీరు.

ఇక లాభాల లెక్కలు. మా ఇంట్లో ఒకడు డబ్బా పాల పిల్లాడు, ఒకతి రొమ్ము పాల పిల్ల, కాబట్టి ఎవరికి జలుబు చేసినా, ఎవరు పద్యం ముందు నేర్చుకున్నా చుట్టాలు పాలకే ముడిపెడతారు. తప్పు వాళ్లది కూడా కాదు, పత్రికల్లో హెడ్డింగులు అలా వస్తాయి. 2014లో అమెరికాలో మా ఇంట్లో లాంటి అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ, ఒకరు తల్లిపాలు ఒకరు సీసా పాలు తాగినవాళ్లని, నాలుగు నుంచి పద్నాలుగేళ్ల వయసులో పోల్చి చూస్తే కనపడతాయనుకున్న తేడాలు చాలావరకు మాయమైపోయాయి. ఇంకో వైపు బ్రెజిల్‌లోని పెలోటాస్‌లో 1982లో పుట్టినవాళ్లని ముప్ఫై ఏళ్లకి పరీక్షిస్తే ఏడాది, అంతకన్నా ఎక్కువ తాగినవాళ్ల ఐక్యూ నెల కూడా తాగనివాళ్ల కంటే దాదాపు నాలుగు పాయింట్లు ఎక్కువ వచ్చింది. అక్కడ డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకేలా పాలిచ్చారు కాబట్టి దాన్ని కొట్టిపారేయలేం. ఈ రెండూ ఒకే తల్లి ఫోన్లో ఒకే రాత్రి కనపడతాయి. మీరు పక్కన కూర్చుని చెప్పరు కదా ఏది ఎంతవరకు నమ్మాలో.

అన్నిటిలోకీ గట్టిది బెలారుస్‌లో చేసిన ట్రయల్ అంటారు. 1996, 97ల్లో 31 ఆసుపత్రులు, 17,046 మంది తల్లీబిడ్డలు. పాలివ్వడం మొదలుపెట్టిన తల్లులే అందరూ. కొన్ని ఆసుపత్రుల్లో సిబ్బందికి పాలిచ్చే తల్లులకి ఎలా సాయం చేయాలో శిక్షణ ఇచ్చారు, మిగతావాటిని అలాగే వదిలేశారు. ఏడాదిలోపు విరేచనాల జబ్బు వచ్చిన పిల్లలు శిక్షణ ఇచ్చిన వైపు నూటికి 9 మంది, ఇవ్వని వైపు 13 మంది. ఎగ్జిమా అనే చర్మం దురద జబ్బు ఇటు 3, అటు 6. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఆరున్నరేళ్లకి చూస్తే ఊబకాయంలోనూ లేదు. మాటలకి సంబంధించిన తెలివి పరీక్షల్లో ఆరున్నరేళ్లకి పెద్ద తేడానే కనిపించింది గానీ పదహారేళ్లకి అది బాగా తగ్గిపోయింది. నాకు ఇలా చెప్తే చాలు. నూటికి తొమ్మిదీ పదమూడూ అంటే మా అమ్మకి కూడా అర్థమవుతుంది. మీరేమో "ఇంత శాతం తగ్గుదల" అంటారు, అది పోస్టర్ ఎక్కుతుంది, పాలు రాని తల్లి దాన్ని చూసి తన బిడ్డకేదో ఘోరం జరిగిపోయిందనుకుంటుంది. శుభ్రమైన నీళ్లు లేనిచోట, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల దగ్గర ఈ లెక్క చాలా మారిపోతుందని, అక్కడ తల్లిపాలు ప్రాణం నిలబెట్టే సంగతని నాకు తెలుసు. అందుకే ఏ అంకె ఎక్కడి పిల్లలదో విడదీసి చెప్పమంటున్నాను.

అదే ట్రయల్‌లో ఎవరూ హెడ్డింగ్ పెట్టని అంకె ఒకటుంది. మూడో నెలలో తల్లిపాలు మాత్రమే తాగుతున్న పిల్లలు: శిక్షణ ఇచ్చిన ఆసుపత్రుల వైపు 43 శాతం, ఇవ్వని వైపు 6 శాతం. తల్లులు అందరూ ఒకేలాంటివాళ్లే, పట్టుదల రెండు వైపులా ఒకటే అయ్యుంటుంది. తేడా అంతా మంచం పక్కన నిలబడ్డ మనిషికి ఏం తెలుసు అన్నదాంట్లో ఉంది. ఆ మనిషి సరిగ్గా ఏం చేసింది, ఏ గంటలో చేసింది, ఎంతసేపు కూర్చుంది? ఐక్యూ మీద ఇంకో యాభై పేపర్లు రాకపోయినా ఫర్వాలేదు, నాకు ఇది కావాలి.

డబ్బా పాల పరిశోధన గురించి తక్కువే చెప్తాను, ఎక్కువ చెప్తే బీపీ పెరుగుతుంది. 2015 నుంచి వచ్చిన 125 డబ్బా పాల ట్రయల్స్‌ని 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో జల్లెడ పడితే, కంపెనీలతో సంబంధం లేకుండా చేసినవి 17. ఫలితాలు పక్కదారి పట్టే ప్రమాదం ఎక్కువున్నవి 100. డబ్బా పాలు మా పెద్దాడి ప్రాణం కాపాడాయి, అందుకే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ పాలు తాగక తప్పని పిల్లలకి కదా నిజం ఎక్కువ అవసరం? తల్లిపాలలో 150కి పైగా రకాల ఒలిగోశాకరైడ్లు ఉన్నాయి, బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు అవి, పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకి మేత. వాటిలో ఏవో కొన్నిటిని మాత్రం డబ్బాలో కలిపి అట్ట మీద తల్లిపాలకి దగ్గర అన్నట్టు రాస్తారు. ప్రకటనల మీద అంతర్జాతీయ నియమావళి 1981లోనే వచ్చింది, 118 దేశాలు ఒప్పుకుంటే అమెరికా ఒక్కటే వద్దంది. ఆ నియమావళి వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా కంపెనీ డబ్బుతో ట్రయల్ చేసి, ఏం కొలవబోతున్నారో ముందుగా రిజిస్టర్ కూడా చేయకుండా, అందులో మీ పేరు ఎలా పెడతారండీ?

చివరగా మందులు. చిన్నదానికి అయిదో నెలలో నాకు ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజుల యాంటీబయాటిక్ రాశారు. పాలివ్వచ్చా అని అడిగితే, ఎందుకొచ్చిన రిస్క్, వారం ఆపెయ్యండి అన్నారు. వారం పాటు మూడు గంటలకోసారి పంపుతో పాలు తీసి వాష్‌బేసిన్‌లో పోశాను. తెల్లగా తిరుగుతూ పోతాయి, అంచున జిడ్డు గీత మిగులుతుంది, దాన్ని వేలితో కడగాలి. పక్క గదిలో పిల్ల సీసా వద్దని ఏడుపు. తర్వాత ఇంకో డాక్టరు గారు ఆ మందు పేరు పుస్తకంలో చూసి, దీనికి ఆపాల్సిన పనే లేదు అన్నారు. బరువుకి తగ్గట్టు లెక్కేస్తే బిడ్డకి చేరేది తల్లి డోసులో పది శాతం లోపుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదని, నాది అంతకన్నా చాలా తక్కువని చెప్పారు. మొదటి డాక్టర్ని కూడా పూర్తిగా తప్పుపట్టలేను, ఎన్నో మందుల విషయంలో అలా చూసుకోవడానికి అసలు అంకే ఉండదు. పాలిచ్చే తల్లుల్ని మందుల ట్రయల్స్‌లోకి చాలావరకు రానివ్వరు, అప్పటికే ఆ మందు వేసుకుంటున్న తల్లుల పాలు నాలుగు చుక్కలు తీసి కొలిచేవాళ్లూ తక్కువే. నేను వారం పాటు బేసిన్‌లో పోసినవి ఎన్ని చుక్కలు! ఎవరైనా ఒక సీసా ఇచ్చి పట్టిమ్మంటే పట్టి ఇచ్చేదాన్ని కదా.

నా నోట్‌బుక్ ఇంకా ఉంది. అరవై పేజీలు, టైము, వైపు, నిమిషాలు, గ్రాములు, దుప్పటి రోజు మీద ఎర్ర ఇంకుతో కొట్టివేత. మధ్యలో కొన్ని పేజీలు పాలు పడి అతుక్కుపోయాయి, చివరి నాలుగు పేజీల్లో చిన్నది క్రేయాన్‌తో గీసిన గీతలున్నాయి, అవి వదిలేయొచ్చు. మీలో ఎవరికైనా పనికొస్తుందంటే ఇస్తాను. పెద్దాడివి ఆ మొదటి నాలుగు రోజులు మాత్రం నా దగ్గర లేవు, అప్పుడు ఎవరూ రాసుకోలేదు.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి